బోధకుడి భార్య కోసం ప్రార్థన

మా ఆయన వారమంతా ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారం వస్తే తర్జుమా చేసే మనిషి. మా తెలుగు సంఘం చందాపురలో ఒక హార్డ్‌వేర్ షాపు మీది అంతస్తులో కూడేది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కదిరి, మదనపల్లె వైపునుంచి కట్టడం పనులకు వచ్చిన కుటుంబాలు, అత్తిబెలె ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు. కన్నడం అందరికీ వచ్చు, ఇంగ్లీషు దాదాపు ఎవరికీ రాదు. బయటి బోధకులేమో ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడేవాళ్ళు. అలాంటప్పుడు మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండో మైకు పట్టుకుని వాళ్ళ పక్కన నిలబడేవాడు.

తర్జుమాకు ఒక పద్ధతి ఉంది. బోధకుడు 'నేను' అంటే తర్జుమా చేసేవాడు కూడా 'నేను' అనాలి. 'అయ్యగారు ఇలా అంటున్నారు' అని మొదలుపెడితే ప్రసంగం చల్లారిపోతుంది. అందువల్ల మా ఆయన ఎన్నో ఏళ్ళుగా అందరి సాక్ష్యాలూ తన నోటితోనే చెప్పాడు. నదిలో కొట్టుకుపోయి బతికాడు, తాగుడు మానాడు, డాక్టర్లు చేతులెత్తేశాక మంచం మీదనుంచి లేచాడు. "నాయనా, నువ్వు జైల్లో ఎప్పుడుంటివి?" అని మా పాప ఒకసారి అడిగితే కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఆయన నోట ఎక్కువసార్లు వచ్చిన మాట మాత్రం 'దేవుని ప్రణాళిక'. ఏ ఊరి బోధకుడు వచ్చినా చివరికి అక్కడికే వచ్చేవాడు. నేనూ ఏమీ తక్కువ తినలేదు. సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఎవరింట్లో కష్టం వచ్చినా ఓదార్చడానికి పోయేదాన్ని. టీచరమ్మ వస్తే ధైర్యంగా ఉంటుందని అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు బాగా తలకెక్కింది.

మా సంఘంలో ఒక ముసలావిడ ఉండేది. కట్టడం దగ్గర తట్టలు మోసేది. ఆమె కొడుకు గోడకు కట్టిన సారవ కర్రల మీదనుంచి పడి చనిపోయాడు. నేను వాళ్ళ రేకుల ఇంటికి పోయి, ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, మనిషి బతుకులో ప్రతి కాలమూ దేవుడు పెట్టిందే, ఈ కాలం కూడా ఆయన ప్రణాళికలోదే అని చెప్పాను. ఆమె తల ఊపింది. తల ఊపింది కదా అని ఇంకొంచెం చెప్పాను.

ఆ తర్వాత నా కాలం వచ్చింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

కారణం ఏదైనా ఉండి ఉంటే బాగుండేది. మా ఆయన ఉద్యోగం పర్మనెంట్ అయింది. పాప బడిలో బాగా చదువుతోంది. ఎవరూ చావలేదు, ఎవరితోనూ గొడవ లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఎండాకాలం, ఉన్నట్టుండి నాకు లేవబుద్ధి కావడం మానేసింది. అన్నం నోట్లో పెట్టుకుంటే ఇసుక నమిలినట్టుండేది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడేదాన్ని, ఆపాలని తెలుసు, చెయ్యి లేచేది కాదు. తల దువ్వుకోవడం పెద్ద పనై కూర్చుంది. కొన్నాళ్ళకు మా ఆయనే నన్ను గడప దగ్గర కూర్చోబెట్టి, చిక్కులు తీసి జడ వేసేవాడు. ఆయనకు జడ వేయడం రాదు. వంకరగా వచ్చేది.

రెండు బస్సులు మారి నన్ను ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. బీపీ, షుగర్ లాగే ఇదీ ఒక జబ్బేనని, మాత్రలు పనిచేయడానికి టైమ్ పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళకు ఈ జబ్బు రాకూడదని నా లెక్క. వచ్చిందంటే నా నమ్మకంలోనే ఏదో పుచ్చు ఉన్నట్టు. ప్రార్థన చేయాలన్నా సిగ్గేసేది. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? ఊరందరికీ చెప్పిన మాట నాకే పనిచేయలేదని ఎవరితో చెప్పుకోవాలి?

ఇంకో భయం కూడా ఉంది. అంతకుముందు ఏడాది మా సంఘంలోనే ఒక పిల్ల ఇలాగే ముభావంగా ఉండిపోతే దయ్యం పట్టిందన్నారు. నడిమధ్యలో కూర్చోబెట్టి, నెత్తిన నూనె పోసి, భుజాలు పట్టి ఊపుతూ 'విడిచిపో' అని అరిచారు. ఆ రోజు చప్పట్లు కొట్టి పాటలు పాడిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ పిల్ల కళ్ళు ఇప్పుడు నాకు గుర్తుకు రావడం మొదలైంది.

"ఎవరికీ చెప్పొద్దప్పా, నీకు దండం పెడతా" అన్నాను మా ఆయనతో.

"ఏమని చెప్పల్ల మరి?"

"పుట్టినింటికి పోయిందని చెప్పు."

పాపను అప్పటికే సెలవులకని మా అమ్మ దగ్గరకు హిందూపురం పంపించాం. దాన్ని తీసుకుని నేనూ పోయానని ఆయన సంఘంలో చెప్పాడు. మా ఇల్లు సంఘం కూడే మందిరానికి రెండు వీధుల అవతల. చుట్టుపక్కల ఉన్నవాళ్ళు తమిళులు, కన్నడిగులు, మా సంఘంవాళ్ళు ఎవరూ లేరు. ముందు తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. నేను ఇంట్లోనే ఉండి, ఊళ్ళో లేని మనిషినయ్యాను.

అలా ఉండగా మందిరంలో మూడు రోజుల ఉజ్జీవ కూటాలు, అంటే విశ్వాసాన్ని మళ్ళీ రగిలించే సభలు, పెట్టారు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా, సాయంత్రాలు. కేరళ నుంచి ఒక బోధకుడు వచ్చాడు. మందిరం రెయిలింగ్‌కు కట్టిన లౌడ్‌స్పీకర్ సరిగ్గా మా ఇంటివైపే తిరిగి ఉండేది. కిటికీలు మూసినా ప్రతి మాటా వినబడేది. నేను ఇంటర్ దాకా చదివాను కాబట్టి ఆయన ఇంగ్లీషు నాకు చాలావరకు అర్థమయ్యేది.

మొదటి సాయంత్రం ఆయన ఎత్తుకున్న విషయం, దేవుడు మన బతుకులో పెట్టే కాలాలు. విత్తనం వేసిన రైతు మొలిచిందా లేదా అని రోజూ మట్టి తవ్వి చూడడు, నమ్మకంతో ఎదురుచూస్తాడు అన్నాడు. మా ఆయన దాన్ని చక్కగానే తెలుగులో చెప్పాడు. తర్వాత బోధకుడు, నా ఇంట్లో కూడా ఒక చలికాలం వచ్చింది, అప్పుడు నేనేం చేశానో తెలుసా అని అడిగాడు. మామూలుగా అయితే వెంటనే తెలుగు రావాలి. రాలేదు. మైకులో గరగర తప్ప ఏమీ లేదు. కరెంటు పోయిందేమో అనుకున్నాను.

"నా భార్య తల దువ్వుకోవడం మానేసింది" అన్నాడు మా ఆయన.

నేను చాప మీదనుంచి లేచి కూర్చున్నాను.

బోధకుడు ఇంగ్లీషులో తన రబ్బరు తోట గురించి చెబుతున్నాడు. మా ఆయన తెలుగులో నా గురించి చెబుతున్నాడు. "ఆమెకు అన్నం సహించడం లేదు. పొద్దునో సాయంత్రమో ఆమెకు తెలియడం లేదు. ఆమె ఇదివరకు అందరినీ ఓదార్చేది. ఇప్పుడు ఆమెను ఓదార్చడం నాకు చేతకావడం లేదు." బోధకుడు మధ్యలో ఏదో మేక కథ చెప్పి తనే పెద్దగా నవ్వాడు. మా ఆయన నవ్వకుండా, "దేవుడు మా ఇంటి దారి మరిచిపోయాడా అని ఆమె అడిగింది, నా దగ్గర జవాబు లేదు" అన్నాడు.

ఆ నవ్వు తర్వాత ఆ మాట వచ్చేసరికి జనమంతా 'స్తోత్రం, స్తోత్రం' అని మూలిగారు. ఇంత బాధ చెబుతూ కూడా నవ్వగలుగుతున్నాడంటే ఆ అయ్యగారిది ఎంత గొప్ప విశ్వాసమో అనుకుని ఉంటారు. నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. నా జుట్టు సంగతి, నా అన్నం సంగతి చందాపుర అంతా వినేలా లౌడ్‌స్పీకర్లో చెప్పాడు. నా పేరు రాలేదు నిజమే, కానీ నాకు మాత్రం బట్టలు లేకుండా వీధిలో నిలబెట్టినట్టే ఉండింది.

ప్రసంగం అయ్యాక, ఇంగ్లీషు రాని మా సంఘం అయ్యగారు, అతిథి అయ్యగారి భార్య కోసం ప్రార్థించమని ఆ ముసలావిడను మైకు దగ్గరకు పిలిచాడు. ఆమెకు చదువు రాదు. కొడుకును పోగొట్టుకున్నాక ప్రార్థనలో గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు.

"నాయనా, యేసయ్యా" అంది. "ఆ తల్లి ఎవురో నాకు తెల్దు. నీకు తెల్సు. ఆయమ్మకు నాలుగు మెతుకులు సయించేట్ల చెయ్యి నాయనా. తల దువ్వుకోని ఆయమ్మ వాకిట్లోకి వచ్చేట్ల చెయ్యి. ఇంగేం అడగలే. ఇది చాలు."

నేను ఆ మాటకు ఏడవలేదు. ఆ రోజుల్లో ఏడుపు కూడా వచ్చేది కాదు. కానీ నేను ఆమె ఇంట్లో కూర్చుని అంతసేపు మాట్లాడినదానిలో ఇలాంటి మాట ఒక్కటి కూడా లేదని తెలిసింది.

ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా గడపలోనే కూర్చున్నాడు.

"విన్న్యావా?" అన్నాడు.

"మైకు పెట్టినాక ఇనకుండా యాడికి పోతా?"

"నోరు జారింది. ఆయన చలికాలం అన్న్యాడు. దాని తర్వాత ఆయన ఏమన్న్యాడో నాకు వినబడలే."

తిట్టాలనుకున్నాను, ఓపిక లేదు. ఆయన మిగతాది చెప్పాడు. కూటం అయ్యాక ఆడవాళ్ళంతా బోధకుణ్ణి చుట్టుముట్టారట. ఒకామె అరటిపండ్లు ఇచ్చింది, ఇంకొకామె ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయనకేమీ అర్థం కాక, ఇంత ప్రేమగల జనాన్ని ఎక్కడా చూడలేదని అన్నాడట. "మీ ఇంటామె ఎట్లుండాది సామీ?" అని ముసలావిడ అడిగింది. మా ఆయన ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె బాగుంది, దేవునికి స్తోత్రం, ఆదివారం ఇక్కడికి వస్తోంది అన్నాడు బోధకుడు. దాన్ని కూడా మా ఆయన ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాడు. ఒక్క అబద్ధం ఆడలేదు.

"నిజం చెప్పేసెయ్యి రేపు" అన్నాను.

"చెప్తే నీ సంగతి బయటికి రాదా?"

అది నిజమే.

ఆదివారం సాయంత్రం బోధకుడి భార్య వచ్చింది. నేను చూడలేదు, లౌడ్‌స్పీకర్ చెప్పింది. మా అయ్యగారు ఆమెను ముందుకు పిలిచి, "మొన్నటిదాకా తల దువ్వుకోలేని మన సహోదరి ఈరోజు ఎట్లుండాదో చూడండి" అన్నాడు. మందిరం దద్దరిల్లింది. చప్పట్లు, హల్లెలూయలు, తప్పెట. ఆ మహాతల్లికి ఈ గోల దేనికో తెలిసి ఉండదు. తర్జుమా మైకు మాత్రం కిక్కురుమనలేదు. దొంగకు తేలు కుట్టినట్టు మా ఆయన ఎక్కడ చూపు పెట్టుకుని నిలబడ్డాడో ఊహించుకోగలను.

ప్రార్థన చేసిన మనిషే సాక్ష్యం కూడా చెప్పాలని ముసలావిడను మళ్ళీ పిలిచారు. మా సంఘంలో సాక్ష్యమంటే కథ సుఖాంతం అయ్యాక చెప్పేది. జబ్బు తగ్గాక, ఉద్యోగం వచ్చాక, బిడ్డ పుట్టాక. అందుకే కొడుకు పోయినప్పటినుంచి ఆమెను ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు.

"నా కొడుకును బతికియ్యమని ఆసుపత్రి వరండాలో అడిగితి" అంది. "ఇయ్యలే. నా ప్రార్థనలో బలం లేదనుకుంటి. నేను నోరు తెరిస్తే దేవుడు చెవులు మూసుకుంటాడనుకుంటి. యాల ఇయ్యలేదో ఇప్పుడు కూడా నాకు తెల్దు. ఈ తూరి మాత్రం ఇన్న్యాడప్పా. నా మాట ఇన్న్యాడు."

ఆమె గొంతులో అంత సంతోషం నేనెన్నడూ వినలేదు. ఊరుకుంటే ఆ ముసలిప్రాణం ఒక అబద్ధాన్ని పట్టుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటూ బతుకుతుంది, నా పరువు దక్కుతుంది. బయటపడితే నా సంగతి అందరికీ తెలుస్తుంది, ఆమెకున్న ఆ ఒక్క సంతోషమూ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏది సరైనదో తెలిసి నేను లేచానని చెప్పను. లోపల కూర్చుని ఆ గొంతు వినడం మాత్రం నావల్ల కాలేదు. అంత సిగ్గు నేను మోయలేకపోయాను.

దువ్వెన జుట్టులో ఇరుక్కుంది. పైపైన దువ్వి ముడి వేసుకున్నాను. నైటీ విప్పి చీర కట్టేసరికి చెమటలు పట్టాయి. కుచ్చిళ్ళు సరిగ్గా రాలేదు. వీధిలో వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది. ఎదురింటి తమిళావిడ తన వాకిట్లోనే ఆగిపోయి నన్ను చూసింది. మందిరం మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని ఆగి ఆగి ఎక్కాను.

ఆడవాళ్ళ వైపు వెనక చాప మీద కూర్చున్న ఒకామె నన్ను చూసి, "ఊరినుంచి ఎప్పుడొస్తివక్కా?" అని నవ్వుతూ జరిగింది. అంతలోనే నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. మా ఆయన ముందు నిలబడి ఉన్నాడు. మైకు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. కూర్చుంటే ఇక లేవలేనని తెలిసి నేను కూర్చోలేదు.

"అయ్యగారూ, నేనొక మాట చెప్పల్ల" అన్నాను. సాక్ష్యమేమో అనుకుని అయ్యగారు సంతోషంగా చెప్పమ్మా అన్నాడు.

"ఆ తల దువ్వుకోని మనిషి ఈయమ్మ కాదు. నేను. నేను పుట్టినింటికి పోలేదు, ఇంట్లోనే ఉండాను. ఊరికి పోయినానని నేనే చెప్పించినాను. నాకు మనసు జబ్బు. మాత్రలు మింగుతాండాను. ఇంగా తగ్గలేదు. నాకు సిగ్గయింది. మీకందరికీ దేవుని ప్రణాళిక అని చెప్పి, నా దాకా వస్తే దాక్కున్న్యాను. నాకు దేవుని ముందర కూడా సిగ్గుగానే ఉండాది."

మాట్లాడటం ఆపాను. సాక్ష్యం చివర 'దేవునికి స్తోత్రం' అనాలి, అప్పుడే జనం ఆమెన్ అంటారు. నా నోటికి ఆ మాట రాలేదు. ఎక్కడ ముగిసిందో తెలియక ఎవరూ ఏమీ అనలేదు. బోధకుడూ ఆయన భార్యా మా ఆయన వైపు చూశారు. ఏం జరుగుతోందో వాళ్ళకు చెప్పాల్సింది ఆయనే.

ఆయన మైకు పైకెత్తాడు. ఇంగ్లీషులో, పద్ధతి ప్రకారం 'నేను' అంటూ మొదలుపెట్టాడు. నేను మనసు జబ్బు మనిషిని అన్నాడు. నేను ఇంట్లో దాక్కున్నాను అన్నాడు. నాకు సిగ్గయింది అన్నచోట ఆగాడు. మళ్ళీ అన్నాడు, నాకు సిగ్గయింది అని. ఈసారి నేనేమన్నానో దానిలో ఒక్క ముక్క కూడా వదలలేదు. బోధకుడి భార్య చేత్తో నోరు మూసుకుంది.

ముసలావిడ ఇంకా ముందరే నిలబడి ఉంది. నేను భయపడింది ఆమె ముఖం గురించే. ఆమె బోధకుడి భార్యను ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది.

"అంటే ఆయమ్మకు జబ్బే లేదా?" అని మా ఆయనను అడిగింది.

"లేదవ్వా. నన్ను క్షమించు."

ఆమె క్షమించాననీ అనలేదు, కోప్పడనూ లేదు. ముఖంలో వెలుగు మాత్రం తగ్గింది. అది నేను చూశాను. చాపల మధ్యనుంచి మెల్లగా నడుచుకుంటూ నా దగ్గరకు వచ్చింది. నా వంకర ముడి తాకి చూసింది.

"అన్నం తింటాండావా?"

"లేదవ్వా. సయించదు."

"అట్లయితే నేనడిగేది అయిపోలేదు. ఇంగా అడగల్ల గదమ్మా" అంది.

కొంగు నడుముకు దోపుకుని, నా భుజం ఆసరాగా పట్టుకుని, ఉన్నచోటే మోకాళ్ళూనింది. ఎవరూ పిలవలేదు, మైకు లేదు. నెత్తిన నూనె పోయలేదు, నన్ను పట్టి ఊపలేదు. మొన్న అడిగిన మాటల్నే మళ్ళీ మొదటినుంచి అడగడం మొదలుపెట్టింది. నేను కూడా ఆమె పక్కన మోకాళ్ళూనాను. ఆమె అడుగుతూనే ఉంది.